చిటపట ఆగేదాకా

పలమనేరులో మార్గశిరం వచ్చిందంటే పొగ కక్కనిదంటూ ఉండదు. టీ గ్లాసు, ఆవు మూతి, పేడకుప్ప, తెల్లవారగానే పాల కేంద్రం ముందు వరసలో నిలబడి పక్కవాడి మీద చాడీలు చెప్పేవాడి నోరు, అన్నీ పొగలే. ఇన్ని పొగల మధ్య వరదయ్య పాత బుల్లెట్ కూడా కాస్త తెల్లపొగ వదిలితే లోకం మునిగిపోయేదేమీ లేదు. కానీ ఆ పొగ రావలసిన చోటి నుంచి రాలేదు. గొడవంతా అక్కడ మొదలైంది.

సైలెన్సర్ నుంచి వచ్చి ఉంటే బండి బతికే ఉందనుకోవచ్చు. ఇది ఇంజన్ కడుపులో నుంచి వెనక చక్రం దాకా వేలాడే నల్ల రబ్బరు గొట్టం నుంచి వచ్చింది. షెడ్డుల్లో దాన్ని బ్రీదర్ గొట్టం అంటారు. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా అడుగు గదిలోని గాలిని బయటికి తోస్తుంది. ఆ గాలి పోయే దారి అది, ఇంజన్ ఊపిరి వదిలే ముక్కు అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న బండి అక్కడ ఊపిరి వదిలితే కంటికి కనపడదు. ఆ సోమవారం ఉదయం వరదయ్య బండి మాత్రం దుడ్‌మన్నప్పుడల్లా గుప్పుమని తెల్లగా కక్కింది. హారతి పళ్లెం పట్టుకుని ఎదురుగా ఉన్న వరదయ్య అలాగే కొయ్యబారిపోయాడు. కర్పూరం వేలికి చురుక్కుమనే దాకా కదల్లేదు.

బండికి హారతి ఏమిటంటే, దానికో కథ ఉంది. వరదయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై నాలుగేళ్లు ఆ బుల్లెట్ మీద కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. మొగిలి కనుమ కింద పల్లెల నుంచి వి.కోట దారి దాకా ఆయన సూది పొడవని ఆవు లేదు. బండి శబ్దం ఊరి బయట వినపడగానే "సూదాయన వచ్చినాడు" అని పిల్లలు పరిగెత్తేవాళ్లు, ఆవులు మాత్రం వెనక్కి తగ్గేవి. మూడేళ్ల కిందట రిటైరయ్యాక ఆయనకు వెళ్లవలసిన ఊరు లేకుండా పోయింది. తిప్పితే బండి అరిగిపోతుంది, తిప్పకపోతే పట్టేస్తుంది. రెండింటికీ మధ్యేమార్గంగా ఆయన ఒక పూజ కనిపెట్టాడు. రోజూ స్నానం చేసి, బండి తుడిచి, ట్యాంకుకు పసుపు కుంకుమ పెట్టి, ఒక్క కిక్కు కొట్టేవాడు. హారతి ఇచ్చి గంట వాయించినంత సేపు, అంటే ఐదు నిమిషాలు, దాన్ని మోగనిచ్చి ఆపేసేవాడు. పైన టార్పాలిన్ కప్పేసేవాడు. మూడేళ్లలో ఆ బండి వీధి గేటు దాటలేదు, పూజ ఒక్క రోజూ తప్పలేదు.

ఆయన భార్య శకుంతలమ్మ ఆ బండిని పెద్దావిడ అంటుంది. ఆమె ఆ ఇంట కాలు పెట్టడానికి ఒక ఏడాది ముందే అది వచ్చింది మరి. పెద్దావిడకు హారతి, తనకు పాల క్యాన్లు అని వచ్చేపోయేవాళ్లతో వేళాకోళమాడేది. వీధి వరండాలో పాల కేంద్రం నడిపేది ఆమే. మిగిలిన మీగడ చిలికి నెయ్యి కాచి అమ్మేదీ ఆమే. శకుంతలమ్మ నెయ్యి అంటే తిరుపతిలో కూడా పేరుంది. అయితే ఇంట్లో ఇంజన్ ఉన్న ఏ వస్తువు గురించీ ముప్పై ఆరేళ్లలో ఆమెను ఎవరూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు, ఆమె చెప్పబోనూ లేదు.

మంగళవారం మోహన్‌కృష్ణ వచ్చి చూశాడు. బెంగళూరు రోడ్డులో అతని షెడ్డుకు మంచి పేరు. పాత బుల్లెట్‌కు జబ్బు చేస్తే కుప్పం నుంచి కూడా అతని దగ్గరికే తోలుకొస్తారు. గొట్టం వైపు ఒకసారి చూశాడు, చెయ్యి అడ్డం పెట్టాడు, పెదవి విరిచాడు.

"రింగులు పోయినాయి సార్. పైన మండాల్సిన గ్యాసంతా పిస్టన్ పక్కనించి కిందికి జారి ఈడ వస్తా ఉండాది. ఇప్పటికే రెండు తూర్లు సిలిండరు లోపల కోసి బోరు సేసినాము, ఇంగ దాంట్లో కోసేదానికి ఇనుము ల్యా."

అంటే ఇంజన్ మొత్తం విప్పాలి, విప్పినా మళ్లీ బాగవుతుందని మాట ఇవ్వలేనని కూడా అన్నాడు. వరదయ్య తల ఊపాడు. ఆ తల ఊపడం శకుంతలమ్మకు బాగా తెలుసు. బతకని దూడ దగ్గర నుంచి లేచేటప్పుడు ఆయన అలాగే ఊపేవాడు.

ఆ సాయంత్రమే ఆయన బెంగళూరుకు ఫోన్ చేశాడు. రెండేళ్లుగా ఒక హోటలాయన ఆ బండి కోసం వెంటపడుతున్నాడు. ఇంజన్ పనిచేయకపోయినా ఆయనకు బాధ లేదు. ఎందుకంటే ఆయన దాన్ని నడపడు. కొత్తగా కట్టిన హోటల్లో పదడుగుల ఎత్తున గోడకు బిగిస్తాడు. దాని కింద కూర్చుని జనం దోసెలు తింటూ ఫోటోలు దిగుతారు. ఆదివారం పొద్దున వ్యాను తెస్తానన్నాడు, వరదయ్య సరేనన్నాడు.

ఈ మాట వినగానే శకుంతలమ్మకు ఒళ్లు మండింది. బండి మీద ప్రేమ అనుకునేరు, కాదు. ఆమె కోపం మొగుడి మీద. బుధవారం ఆయన అన్నం కెలికి లేచాడు. తుడిచే గుడ్డ చేతిలో పెట్టుకుని షెడ్డులో పీట మీద కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవలేదు, బండీ తుడవలేదు. ఎవరో ఆవుకు పొదుగు వాచిందని అడగడానికి వస్తే నాకేం తెలియదు పొమ్మన్నాడు. బండి పోతే పోయింది, దాని వెంట మనిషి కూడా గోడకెక్కేటట్టు ఉన్నాడని ఆమెకు గుబులు పట్టుకుంది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

గురువారం పాల వ్యాను వెళ్లాక ఆమె షెడ్డు ఊడవడానికి పోయింది. రబ్బరు గొట్టం మూతి కింద గచ్చు మీద చిన్న ముద్ద కనిపించింది. చీపురు పక్కన పెట్టి వేలితో తీసుకుంది. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుందని ఆమెకు తెలుసు, ఆ మరకలు ముప్పై ఆరేళ్లుగా ఉతుకుతున్నది ఆమే. ఇది నల్లగా లేదు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో, నురగ నురగగా, మజ్జిగలో తేలి వచ్చిన వెన్నలా ఉంది. రెండు వేళ్ల మధ్య రాసింది. జిడ్డు ఒక పక్క, తడి ఒక పక్క విడిపోయాయి.

శకుంతలమ్మ అలాగే గొంతుక్కూర్చుంది. కాచిన నెయ్యి అద్దంలా ఉంటుంది, అడుగున పెట్టిన నాణెం కనపడుతుంది. అదే నెయ్యిలో నీళ్లు పోసి చిలికి చూడండి, తెల్లగా పాలిపోతుంది. జిడ్డు తెల్లబడిందంటే దానిలో నీళ్లు పడ్డాయి, ఎవరో చిలికారు. ఆవు జిడ్డయినా ఇంజన్ జిడ్డయినా ఈ సంగతి మారదు కదా అని ఆమెకు తోచింది.

శుక్రవారం ఉదయం వరదయ్య హారతి వద్దన్నాడు. రెండు రోజుల్లో పోయేదానికి ఎందుకు, ఉన్న కాస్త ఊపిరీ తియ్యడం దేనికి అన్నాడు. పోయే ఆడబిడ్డకు కూడా పసుపు కుంకుమ పెట్టి పంపిస్తాము కదా అని ఆమె దబాయించింది. ఆయన కిక్కు కొట్టాడు. ఆమె బయట మంచులో పెట్టి ఉంచిన స్టీలు మూత ఒకటి తీసుకొచ్చి గొట్టం మూతికి జానెడు దూరంలో పట్టుకుంది. గుప్పు గుప్పుమని పొగ వచ్చి తగిలింది. గట్టిగా పదిసార్లు దుడ్‌మనక ముందే మూత నిండా చినుకులు నిలిచాయి. వేలితో తుడిస్తే నీళ్లే, మసి లేదు. పైగా ఆ పొగ మూర దూరం పోయేసరికి గాలిలో మాయమవుతోంది. ఆయిల్ కాలిన పొగ అయితే షెడ్డంతా నీలంగా అలుముకుని కళ్లు మండించేది.

మూత తెచ్చి మొగుడి ముఖం ముందు పెట్టింది. అది పొగ కాదు, ఆవిరి అని చెప్పింది. వరదయ్య విసుక్కున్నాడు. మోహన్‌కృష్ణ ఇరవై ఏళ్లుగా బుల్లెట్లు విప్పుతున్నాడని, దాని సంగతి ఆమెకేం తెలుసని అన్నాడు.

"దాని సంగతి నాకు తెలీదయ్యా. నీళ్ల సంగతి తెలుసు. ఇన్నేండ్లు పాలల్లో నీళ్లు కనిపెట్టి ఊరందరి సేత తిట్లు తినేది నేను గాక ఎవురు?"

ఆమె అప్పటికే మోహన్‌కృష్ణకు ఫోన్ చేసింది. నెయ్యి తీసుకుపో నాయనా, వచ్చేటప్పుడు కొత్త ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటి తీసుకురా అంది.

అతను వచ్చేసరికి పెరట్లో నెయ్యి కాచే పొయ్యి మండుతోంది. పొయ్యి మీద ఇనుప గరిటె కాలుతోంది. శకుంతలమ్మ విషయం చెబితే మోహన్‌కృష్ణ మర్యాదగా నవ్వాడు. ఇది గాలికి చల్లబడే ఇంజన్ అనీ, కార్లకు ఉన్నట్టు దీనికి నీళ్ల ట్యాంకు గానీ గొట్టాలు గానీ ఉండవనీ, కారడానికి నీళ్లే లేనప్పుడు ఆయిల్‌లోకి నీళ్లు ఎలా వస్తాయనీ ఓపికగా వివరించాడు. అంతా విని, ముందు కొత్త ఆయిల్ ఒక చుక్క గరిటెలో వెయ్యమంది ఆమె. వేశాడు. చుక్క గమ్మున పరుచుకుని సన్నగా పొగ వదిలింది, చప్పుడు లేదు. గరిటె తుడిచి మళ్లీ కాల్చి, ఇప్పుడు బండిలోది వెయ్యమంది. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి దాని కొన నుంచి ఒక చుక్క రాల్చాడు.

చిటపటమంది. ఆవాలు పేలినట్టు పేలి, ఒక తుంపర ఎగిరి మోహన్‌కృష్ణ ముంజేతి మీద పడింది. అతను చెయ్యి విదిలించుకుని ఇంకో చుక్క వేశాడు. మళ్లీ అదే చిటపట. నెయ్యి కాచేటప్పుడు వెన్నలో నీళ్లు ఉన్నంత సేపు చప్పుడు చేస్తుంది, చప్పుడు ఆగితే నెయ్యి అయినట్టు. ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలిసిన విషయం అది. వరదయ్య పీట మీద నుంచి లేచి వచ్చాడు.

మోహన్‌కృష్ణ మంచి పనివాడు, అందుకే వెంటనే ఓడిపోలేదు. నీళ్లు ఉంటే ఉండవచ్చు, రింగులూ పోయి ఉండవచ్చు కదా అన్నాడు. ఆ మాట న్యాయమేనని ఆమె కూడా ఒప్పుకుంది. పరీక్ష అతనే చెప్పాడు. వరదయ్య కిక్కు రాడ్‌ను మెల్లగా నొక్కి, లోపల గాలి బిగుసుకుని రాడ్ ఎదురు తిరిగే చోటు చూసుకుని, దాని మీద ఒంటి కాలితో పూర్తిగా నిలబడాలి. రింగులు పోతే గాలి కిందికి జారి మూడు లెక్కపెట్టేలోగా రాడ్ కూలబడుతుంది, గొట్టంలో బుస్సుమంటుంది. రింగులు బాగుంటే మనిషిని మోస్తుంది. వరదయ్య ఎనభై కిలోల మనిషి. నిలబడ్డాడు. మోహన్‌కృష్ణ గచ్చు మీద పడుకుని గొట్టానికి చెవి ఆనించాడు. శకుంతలమ్మ లెక్కపెట్టింది. ఐదు, పది, పదిహేను. రాడ్ మొరాయిస్తూ, బెత్తెడు కూడా దిగకుండా ఆయన్ను మోస్తూనే ఉంది. ఇరవై అయ్యేసరికి వరదయ్య ముఖంలోకి నెత్తురు వచ్చింది. కాలి కింద తన బండి బలం ఆయనకు తెలుస్తోంది, ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్లగ్ కూడా విప్పి చూశాడు మోహన్‌కృష్ణ. పొడిగా, ఇటుక రంగులో ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"తప్పు నాదేక్కా. పాత బండి, గొట్టంలో పొగ. నూటికి తొంభై రింగులే అయ్యుంటాయి. అందుకని సూడకనే సెప్పేసినా," అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "అది సరే, ఈ నీళ్లు యాడివి?"

ఈ ప్రశ్నకు జవాబు శకుంతలమ్మకు ముందు రోజు రాత్రే తెలుసు. చెప్పడానికే ఆమెకు నోరు రాలేదు. మొగుడి వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. చివరికి పక్కనే ఉన్న అన్నం గిన్నె మీది మూత తీసి తిప్పి చూపించింది. లోపలి వైపు నిండా చినుకులు.

"దీని మింద నీళ్లెవురు పోసినారు? వేడి అన్నం, సల్లటి మూత. ఆవిరి పోయే దారి లేక ఆడే నిలస్తాది." మోహన్‌కృష్ణకు వెలిగింది. పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుందని, బండి బాగా వేడెక్కితే అది గొట్టంలో నుంచి పోతుందని, చల్లటి ఇంజన్‌లో అయితే గోడలకు చెమటలా పట్టి ఆయిల్‌లోకి దిగుతుందని అతనికి తెలియనిది కాదు. రోజూ ఐదు నిమిషాలు మాత్రమే నడిచే బండి అతని షెడ్డుకు ఎప్పుడూ రాలేదు, అంతే.

ఆమె మాత్రం మొగుడితోనే చెప్పింది. "నువ్వు దినామూ వెన్నని వెచ్చజేసి దించేస్తా ఉండావయ్యా. మూడేండ్లుగా ఒక్క దినం గూడా కాయల్యా."

వరదయ్య ముఖం మాడిపోయింది. మూడేళ్ల భక్తి బండి కడుపులో నీళ్లుగా చేరిందంటే ఎవరికి మాత్రం కష్టంగా ఉండదు? ముద్దు చేసి చెడగొట్టడం అంటే పిల్లలకే అనుకున్నాడు పాపం. శకుంతలమ్మకు గెలిచినందుకు సంతోషం వేసింది, ఆ ముఖం చూసి బాధ కూడా వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మందు మోహన్‌కృష్ణ చెప్పాడు. పాత ఆయిల్ దించి, గొట్టం కిరసనాయిలుతో కడిగి, కొత్త ఆయిల్ పోస్తాడు. అయినా మూలమూలల్లో పట్టిన తడి పోవాలంటే బండిని గంటల తరబడి ఆపకుండా తోలాలి, ఇంజన్ సలసల కాగాలి. ఊళ్లో తిరిగితే లాభం లేదు. వరదయ్య నీళ్లు నమిలాడు. దారిలో పట్టేస్తే ఎలా అన్నాడు, మోకాళ్లు అన్నాడు, మంచు అన్నాడు. తనకు పని ఉన్న ఊరు ఏదీ లేదు కదా అని చివరికి అసలు మాట అన్నాడు.

"తిరపతిలో సుజనకి నెయ్యి ఇయ్యాల," అంది శకుంతలమ్మ. సుజన వాళ్ల కూతురు, అక్కడ బడిలో టీచరు. "రేపు పొద్దున పోతా ఉండాము. నేనూ వస్తా."

శనివారం ఆరున్నరకు పాల కేంద్రం పక్కింటి నాగరత్నమ్మకు అప్పజెప్పి, శాలువా చుట్టుకుని, నెయ్యి డబ్బాలు రెండు పక్కకు కట్టించి, స్టీలు మూత ఒళ్లో పెట్టుకుని శకుంతలమ్మ పెద్దావిడ మీదికి ఎక్కింది. గేటు దాటేటప్పుడు వరదయ్య షెడ్డు వైపు తిరిగి చూశాడు, ఆమె చూడనట్టు ఊరుకుంది. ఊరు దాటగానే మంచు కమ్మేసింది. మొగిలి కనుమ దిగేటప్పుడు ఆయన ప్రతి మలుపులో బ్రేకు మీదే నిలబడ్డాడు. బంగారుపాళ్యంలో ఆపి మూత పెట్టి చూస్తే చినుకులు అలాగే ఉన్నాయి. దిగుడు దారిలో ఇంజన్‌కు పనేముంది, సన్న సెగ మీద ఉన్నట్టు అని ఆమె సర్దిచెప్పింది.

చిత్తూరులో మాత్రం కొంప మునిగింది. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర బండి స్టాండ్ వేశాడో లేదో, గొట్టం నుంచి ఆవిరి కుమ్మరించింది. సోమవారం కంటే ఎక్కువ, అసలు ఎన్నడూ చూడనంత. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికి వచ్చారు. ఒకాయన ఇంజన్ పోయిందని, ఇంకొకాయన తగలబడుతుందని తీర్పులు చెప్పేశారు. నిప్పు లేనిదే పొగ రాదని మూడో ఆయన సామెత కూడా చెప్పాడు. వరదయ్య బండి ఆపేశాడు. ముఖం పాలిపోయింది. తాను ముందే చెప్పానని, ఉన్న ప్రాణం కూడా తీశామని, ఆటో ట్రాలీ మాట్లాడి వెనక్కి తీసుకుపోదామని, ఆ హోటలాయనకైనా పనికొస్తుందని ఒకటే సణిగాడు.

శకుంతలమ్మకు కూడా భయం వేసింది. లేదని చెబితే అబద్ధమే. ఆమె వంగి మూత పెట్టింది, అప్పుడే ఆపిన ఇంజన్ ఇంకా ఆవిరి వదులుతోంది. మూత మీద నీళ్లు ధారకట్టాయి. వేలితో తుడిచింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్లే. మసి లేదు, మాడు వాసన లేదు. అప్పుడు ఆమెకు తన నెయ్యి బాణలి గుర్తొచ్చింది. వెన్న పొయ్యి మీద పెట్టగానే పొంగదు. బాగా కాగి, లోపలి నీళ్లన్నీ ఒక్కసారి లేచినప్పుడే బుసబుస పొంగుతుంది. కొత్త కోడళ్లు సరిగ్గా అక్కడే భయపడి దించేస్తారు. దించితే ఆ నెయ్యి నెల తిరక్కుండా ముక్కిపోతుంది.

"ఇప్పుడు పొంగొచ్చింది. ఇప్పుడు దించినావంటే పాడయ్యేది ఇప్పుడే," అంది. ఆయన కదల్లేదు. ఆమె గొంతు తగ్గించింది. "నీ సూదికి బెదిరి ఆవు ఎగిరితే నువ్వు సూది తీసేసినావా ఎప్పుడన్నా? కొట్టు కిక్కు."

వరదయ్య ఆమె ముఖంలోకి చూశాడు. చుట్టూ ఉన్న తీర్పరులను కూడా చూశాడు. టీ డబ్బులు ఇచ్చి, ఒక్క కిక్కులో బండి లేపాడు.

ఆ తర్వాత ఆయన బ్రేకు మీద నిలబడలేదు. చిత్తూరు దాటాక దారి సాపు, ఎండ వచ్చింది, మామిడి తోటలు రెండు వైపులా వెనక్కి పరిగెత్తాయి. బండి గొంతు మారడం శకుంతలమ్మ వీపుకు తెలిసింది. ఇందాకటి దాకా బిగబట్టినట్టు ఉన్న దుడ్‌దుడ్ చప్పుడు ఇప్పుడు విడివిడిగా, నిండుగా పడుతోంది. చంద్రగిరి దగ్గర ఆపి చూస్తే మూత మీద చినుకులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. తిరుపతిలో సుజన ఇంటి ముందు ఆగేసరికి ఊదినంత చెమ్మ మాత్రమే ఉంది. సుజన అమ్మానాన్నలను ఆ బండి మీద చూసి నోరు తెరిచింది. తిట్టడం మొదలుపెట్టేలోగా నెయ్యి డబ్బాలు చేతిలో పెట్టి, ఉప్మా తిని, మళ్లీ ఎక్కేశారు.

అసలు పరీక్ష తిరుగు దారిలో మొగిలి కనుమ. ముందు చెరకు లారీ ఒకటి రొప్పుతూ ఎక్కుతోంది. వరదయ్య గేరు తగ్గించి దాన్ని దాటేశాడు, ఆ వెంటనే ఇంకో దాన్ని. ఎక్కుడు మధ్యలో, మలుపు పక్కన, ఆవును పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. బండి శబ్దం విని తల ఎత్తి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమప్పా సూదాయనా, ఇన్నాళ్లూ యాడికి పోయినావు?" అని కేకేసింది.

ఆయన జవాబుగా హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉన్నాడు. కనుమ పైన ఆపి, ఇంజన్ మోగుతుండగానే ఆయనే మూత అడిగి తీసుకున్నాడు. గొట్టం ముందు పట్టుకుని ఇరవై లెక్కపెట్టాడు. మూత తిప్పి చూశాడు, ఎండకు ఎత్తి చూశాడు, చొక్కాకు తుడిచి మళ్లీ పట్టి చూశాడు. అందులో ఆయన ముఖం తప్ప ఏమీ కనపడలేదు.

ఇంటికి రాగానే శకుంతలమ్మ పొయ్యి వెలిగించి గరిటె పెట్టింది. మోహన్‌కృష్ణ ఎదురుచూస్తూ అక్కడే ఉన్నాడు. చుక్క వేసే పని వరదయ్యది. ముగ్గురూ గరిటె మీదికి వంగారు. చుక్క గరిటెలో పడింది, పరుచుకుంది, గమ్మున ఉండిపోయింది. ఇంకో చుక్క వేశాడు, అదీ అంతే. ఆ చప్పుడు లేకపోవడం కంటే మంచి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలికి ఉండరు. వరదయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, పొయ్యి పొగ అని చెప్పి తుడుచుకున్నాడు. మోహన్‌కృష్ణ శకుంతలమ్మ కాళ్లకు దండం పెట్టబోయి, ఆమె గరిటె చూపిస్తే ఆగాడు. ఇకపై షెడ్డులో గ్యాస్ పొయ్యి, ఇనుప గరిటె కూడా పెడతానన్నాడు.

ఆదివారం పొద్దున బెంగళూరు ఆయన తాళ్లు, దూది పరుపు వేసుకుని వ్యానుతో దిగాడు. వరదయ్య బండి స్టార్ట్ చేసి, మూత గొట్టం ముందు పట్టుకుని, పొడి మూత ఆయనకు చూపించాడు. పాపం ఆయనకు ఏమీ అర్థం కాలేదు. శకుంతలమ్మ ఇడ్లీ పెట్టి, పైన గరిటెడు నెయ్యి వేసి, గోడకు తగిలించడానికి తమ ఇంట్లో పాత క్యాలెండర్లు చాలా ఉన్నాయని, కావలసినన్ని తీసుకుపొమ్మని చెప్పింది. ఆయన ఇడ్లీలు తిని, హోటలుకు నెయ్యి మాత్రం మాట్లాడుకుని వెళ్లాడు.

సోమవారం ఉదయం మామూలుగానే గంట వినపడింది. శకుంతలమ్మ పాల వరస ముగించి, అలవాటుగా మూత పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. వరదయ్య బండి తుడిచి, బొట్టు పెట్టి, హారతి ఇస్తున్నాడు. బండి మాత్రం మోగడం లేదు. కిక్కు కొట్టలేదేమని ఆమె అడిగింది. ఆయన పళ్లెం కింద పెట్టి, మేకుకు తగిలించిన ఆమె శాలువా తీసి చేతికి ఇచ్చాడు. ఆయన భుజానికి పాత సూదుల సంచి ఉంది.

"ఆ కనుమ కాడి ముసలామె ఆవుని సూసి రావాల. ఎనక కాలు రవంత ఈడుస్తా ఉండాది, మొన్ననే సూసినా, నీకు సెప్పల్యా," అన్నాడు. బండిని గేటు వైపు తిప్పుతూ ఇంకో మాట అన్నాడు. "ఇంగ మింద కిక్కు కొడితే పోయేదానికే. పొయ్యి ముట్టిస్తే సిటపట ఆగేదాకా దించగూడదని నువ్వే గదా సెప్పినావు."

ఆమె మూతను గచ్చు మీద పెట్టేసి, శాలువా కప్పుకుని, ఆయన వెనక ఎక్కి కూర్చుంది.